వాలెట్టా వెళ్తున్న మేనకోడలికి

చి. సౌ. వసంతకు,

మామయ్య ఆశీస్సులు. ఏప్రిల్‌లో మీ అమ్మను వెంటబెట్టుకొని మాల్టా వెళ్తున్నానని, దాని రాజధాని వాలెట్టాలో ఎక్కడ బస చేయాలో, ఎలా తిరగాలో చెప్పమని రాశావు. మ్యాపులో చూస్తే ఆ నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు కిలోమీటరు ఉంటుంది కాబట్టి, ఎక్కడికైనా నడిచి వెళ్ళవచ్చని నీకు అనిపిస్తుంది. మీ అమ్మ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు గనుక చెబుతున్నాను, అక్కడ ఎత్తుపల్లాలు చూసుకొని దారి ఎంచుకోవాలి. 1565లో ఒట్టొమన్ సేనల ముట్టడిని తట్టుకొని నిలిచిన సెయింట్ జాన్ సంఘపు క్రైస్తవ యోధులు, మరుసటి ఏడే ఆ కొండ మీద ఈ కోటనగరానికి పునాది వేశారు. వీధులను స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వేశారు గాని కొండ కొండగానే ఉండిపోయింది. అందుకే రెండు పక్కల రేవులకు దిగే అడ్డవీధులు చాలాచోట్ల మెట్లదారులైపోయాయి. నడినెత్తిన సాగే రిపబ్లిక్ స్ట్రీట్, దాని పక్కనున్న మర్చంట్స్ స్ట్రీట్ మాత్రం నడవడానికి హాయిగా ఉంటాయి.

బస నగరం లోపలే చూసుకో. రేవుకు అవతలి ఒడ్డున ఉన్న స్లీమా పట్టణంలో హోటళ్ళు ఎక్కువే గాని, వేసవి రద్దీలో నిండిపోయిన బస్సులు మధ్య స్టాపుల్లో ఆగకుండా వెళ్ళిపోతాయి. వాలెట్టా కోటద్వారం బయట, ట్రైటన్ ఫౌంటెన్ దగ్గర ఉన్న ప్రధాన బస్‌స్టేషన్‌లో బయలుదేరే చోటే ఎక్కితే కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. మరెక్కడైనా స్టాపులో నిలబడినప్పుడు చెయ్యి ఎత్తి బస్సును ఆపాలి, లేకపోతే డ్రైవరు పట్టించుకోడు. గది బుక్ చేసేముందు లిఫ్టు ఉందా అని తప్పకుండా అడుగు. పాత ఇళ్ళను హోటళ్ళుగా మార్చిన చోట మెట్లు ఇరుకుగా, నిలువుగా ఉంటాయి. కోట అంచుల వెంట చుట్టి వచ్చే 133 నంబరు బస్సు మీ అమ్మకు బాగా ఉపయోగపడుతుంది.

ఆ ఊళ్ళో సముద్రం కూడా ఒక రోడ్డే. తూర్పున గ్రాండ్ హార్బర్ దాటితే ‘మూడు నగరాలు’ వస్తాయి. వాటిలో బిర్గు, వాలెట్టా పుట్టకముందు ఆ యోధుల స్థావరం. కొండ మీది అప్పర్ బరాక్కా తోట నుంచి 58 మీటర్ల ఎత్తున్న లిఫ్టులో దిగితే ఫెర్రీ రేవు దగ్గరే ఉంటుంది. ఉదయమే దాటి, అవతలి ఒడ్డున పడవలు కట్టిన గట్టు వెంట మెల్లగా బిర్గు దాకా నడిచి, పదకొండున్నరకల్లా తిరిగి వచ్చి అదే లిఫ్టులో పైకి ఎక్కండి. సరిగ్గా పన్నెండింటికి తోట కింది అరుగు మీద ఫిరంగి పేలుస్తారు. పిట్టగోడ దగ్గర చోటు కావాలంటే ముందే చేరాలి. దైసా అనే చిన్న చెక్కపడవలు కూడా హార్బరు దాటిస్తాయి, చూడముచ్చటగా ఉంటాయి గాని ఎక్కేటప్పుడు ఊగుతాయి కాబట్టి మీ అమ్మను ఫెర్రీలోనే తీసుకువెళ్ళు. గాలి బలంగా ఉన్న రోజున ఫెర్రీలు ఆపేస్తారు. అటువంటి రోజుకు బస్సులో పాత కోటపట్టణం మ్దీనాకు ప్రయాణం పెట్టుకో.

ఇక ఆ యోధులు కట్టించిన పెద్ద చర్చి, సెయింట్ జాన్స్ కో-కథీడ్రల్‌కు ఒక పూట పూర్తిగా కేటాయించు. బయట గోడలు మరీ సాదాగా ఉన్నాయని నిరుత్సాహపడవద్దు. లోపల నేలంతా యోధుల సమాధి ఫలకాలే, రంగురంగుల చలువరాళ్ళతో పొదిగిన అస్థిపంజరాలు, కిరీటాలు, చిహ్నాలు. ఆ రాళ్ళు దెబ్బ తినకుండా సన్నని మడమల చెప్పులు వేసుకున్నవారిని లోపలికి రానివ్వరు, భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. చీరకు పైన ఒక శాలువ ఉంటే చాలు. ఆదివారం పర్యాటకులకు ప్రవేశం ఉండదు. అక్కడి ఆరేటరీ అనే ప్రార్థన గదిలో ఇటలీ చిత్రకారుడు కారవాజో 1608లో గీసిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం చిత్రం ముందు కాస్త కూర్చో. మెడ నుంచి కారిన నెత్తుటి మడుగులోనే చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. యోధుల సంఘంలో సభ్యుడైన ఆయన అదే ఏడాది చెరసాల నుంచి పారిపోగా, సంఘం వారు ఆయన లేకుండానే ఈ గదిలో సమావేశమై సభ్యత్వం రద్దు చేశారు.

చెప్పుల విషయం మళ్ళీ చెబుతున్నాను, వాలెట్టా వీధుల రాయి అరిగి నున్నబడింది, వాన పడితే కాలు జారుతుంది. రబ్బరు అడుగున్న బూట్లు తెచ్చుకోండి. తినడానికి మెత్తగా నలిపిన బఠాణీ ముద్దను పొరల పిండిలో కూరి చేసే పాస్తిజ్జీ వేడిగా దొరుకుతుంది, అయితే కొన్నిచోట్ల పొరల్లో పంది కొవ్వు వాడతారు కాబట్టి అడిగి కొను. కుళాయి నీళ్ళు తాగవచ్చు గాని ఉప్పగా అనిపిస్తాయి. సీసా నీళ్ళే నయం. బ్రిటిష్ వారి పాలన గుర్తుగా వాహనాలు మన దేశంలో లాగే ఎడమ వైపు నడుస్తాయి, ఇంగ్లీషు దాదాపు అందరికీ వస్తుంది, ప్లగ్గులకు గుండ్రటివి కాక దీర్ఘచతురస్రపు పిన్నులు మూడు ఉంటాయి. మీ అమ్మ మందుల చీటీ రెండు కాపీలు తీసి, ఒకటి నీ దగ్గర ఉంచుకో.

ఇట్లు,
మామయ్య