మ్యాగ్నెటిక్ కైటోసాన్ కణాలు గోధుమ రంగుకి తిరిగి గడ్డ కడుతున్నాయి, ఎక్కడ తేడా కొడుతోంది?

మీరు అడిగినవి రెండు: నల్లగా రావాల్సినవి ఎందుకు గోధుమ రంగుకి తిరుగుతున్నాయని, కైటోసాన్‌నీ (రొయ్య పెంకుల్లాంటి వాటి నుంచి తీసే పాలిమర్) ఐరన్ ఆక్సైడ్‌నీ ఒకే బీకర్లో చేసేయొచ్చా అని. నా పీహెచ్‌డీలో ఎక్కువ భాగం ఈ పనే కాబట్టి చూసింది చెప్తాను.

రంగు సంగతి సులువు. ఫెర్రస్, ఫెరిక్ ఉప్పులు (ఇనుముకి రెండు రూపాలు) 1:2 మోల్ నిష్పత్తిలో కలిపి అమ్మోనియా పోస్తే మ్యాగ్నటైట్ (అయస్కాంతానికి లాగే నల్లటి ఐరన్ ఆక్సైడ్) వస్తుంది, కానీ గాలి తగిలితే ఫెర్రస్ కాస్తా ఫెరిక్ అయిపోయి లెక్క తప్పుతుంది. నీళ్లలోకి ముందే నైట్రోజన్ వదలండి, రియాక్షన్ అంతా అలాగే ఉంచండి. ఫెర్రస్ క్లోరైడ్ లేత ఆకుపచ్చగా ఉండాలి, సీసాలోనే పసుపో గోధుమో అయి ఉంటే అది వద్దు. కాస్త గోధుమ రంగు వచ్చినంత మాత్రాన టెన్షన్ పడకండి, మ్యాగ్నటైట్ గాలికి మారితే వచ్చే గోధుమ రంగు మ్యాగ్‌హెమైట్ కూడా అయస్కాంతానికి బాగానే లాగుతుంది. తుప్పు రంగులో ఉండి అయస్కాంతం పెట్టినా కదలకపోతే మాత్రం పారబోయండి.

ఒకే బీకర్ పద్ధతి నాకు నచ్చదు. పీహెచ్ 6.5 దాటితే కైటోసాన్ కరిగి ఉండదు, అమ్మోనియా పోయగానే అది కూడా విరిగిపోయి ఐరన్ ఆక్సైడ్‌ని ఇష్టమొచ్చినట్టు చుట్టేసుకుంటుంది. నీళ్లలోంచి రంగులు, లోహాలు తీయడానికైతే పర్వాలేదు, కణజాలం దగ్గరికి తీసుకెళ్లే పనికి సైజు అదుపులో ఉండాలి కదా. అందుకే ముందు ఐరన్ ఆక్సైడ్ చేసి, పీహెచ్ న్యూట్రల్‌కి వచ్చేదాకా కడిగి, సోనికేట్ చేసి (శబ్ద తరంగాలతో విడదీసి), అప్పుడు 1 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించి వడకట్టి ఉంచుకున్న కైటోసాన్‌లో కలపండి, ఆ తర్వాత టీపీపీని (కైటోసాన్ గొలుసుల్ని కలిపి కట్టే ట్రైపాలీఫాస్ఫేట్) చుక్కచుక్కగా వేయండి. యాసిడ్‌లో రాత్రంతా వదిలేయకండి, ఇనుము మెల్లగా కరిగిపోతుంది. టీపీపీ బదులు గ్లూటరాల్డిహైడ్‌తో కడితే గట్టిపడతాయి నిజమే, కానీ మిగిలిపోయిన కాస్తే సెల్స్‌ని (జీవకణాల్ని) చంపుతుంది, తర్వాత మీ టాక్సిసిటీ ఫలితం దేనివల్ల వచ్చిందో మీకే తెలియదు.

ఇంకోటి, మామూలు మ్యాగ్నెటిక్ స్టిర్రర్ వాడుతున్నారా? సరుకంతా అందులో తిరిగే అయస్కాంతపు కడ్డీకే అంటుకుంటుంది! పైనుంచి తిప్పే మెకానికల్ స్టిర్రర్ పెట్టండి. ఓవెన్‌లో ఆరబెట్టొద్దు, ఒకసారి అట్టకట్టాక ఎంత సోనికేట్ చేసినా మళ్లీ విడిపోవు. నీళ్లలోనే ఉంచుకోండి, లేదా ట్రెహలోజ్ అనే చక్కెర వేసి ఫ్రీజ్ డ్రై చేయండి.

అసలు చిక్కు మాత్రం ఇక్కడ కాదు. అయస్కాంతం పెట్టగానే పక్కకి పరిగెత్తే ఫొటో మీ రీసెర్చ్ గైడ్‌కి చూపించడానికి బాగుంటుంది, డీఎల్‌ఎస్ (కాంతితో కణాల సైజు కొలిచే పద్ధతి) కూడా నీళ్లలో చక్కగా వస్తుంది, అదే సరుకుని పీహెచ్ 7.4 పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు నీటి బఫర్) వేసి చూడండి. అక్కడ కైటోసాన్ ఛార్జ్ దాదాపు పోతుంది, పైగా ఉప్పు కూడా ఉంటుంది, దాంతో కణాలు ఒకదానికొకటి అంటుకుని కిందకి దిగుతాయి. సెల్స్ పెంచే ద్రవంలో సీరం ప్రోటీన్లు ఉంటే ఇంకో కథ. కాబట్టి మీరు చివరికి ఏ ద్రవంలో వాడతారో అందులోనే మొదటి వారం నుంచే సైజు చూడండి. కైటోసాన్ బదులు ఆల్జినేట్‌కి (సముద్రపు నాచు నుంచి తీసే పాలిమర్) మారదామనుకున్నా ఫాస్ఫేట్ బఫర్ దాన్ని కట్టి ఉంచే కాల్షియాన్ని లాగేసి ఆల్జినేట్ పూసల్ని వదులు చేస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

కొనేటప్పుడు కైటోసాన్ డీఎసిటైలేషన్ శాతం (ఎసిటైల్ గుంపులు ఎంత తొలగాయో), మాలిక్యులర్ వెయిట్ రాతపూర్వకంగా అడగండి. మన గోదావరి జిల్లాల రొయ్య పెంకుల నుంచే తీసిందైనా బ్యాచ్ బ్యాచ్‌కి తేడా ఉంటుంది, బ్లడ్‌తో పనైతే ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషం) టెస్ట్ కూడా తప్పదు. ఆటోక్లేవ్‌లో పెట్టకండి, పాలిమర్ గొలుసులు తెగుతాయి.

ఎంటీటీ (సెల్స్ బతికున్నాయో రంగుని బట్టి చూసే పరీక్ష) చేస్తే సెల్స్ లేకుండా మీ పార్టికల్స్ మాత్రమే వేసిన వెల్స్ కూడా పెట్టండి, ఐరన్ ఆక్సైడ్ 570 నానోమీటర్ల దగ్గర తానే కాంతిని మింగుతుంది కాబట్టి రీడింగ్ ఎక్కువ వచ్చి సెల్స్ బతికినట్టు కనిపిస్తుంది. మీ టీపీపీ గాఢత, వేసేటప్పటి పీహెచ్ ఇక్కడ రాయండి, గడ్డ కట్టడం ఏ దశలో మొదలైందో చూస్తాను.