యీస్ట్‌తో మందులు: జీన్ ఎక్కించడం ఒక్కటే నేర్చుకుంటే చాలదు

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. బోటనీ, కెమిస్ట్రీ నా సబ్జెక్టులు. మొక్కల నుంచి వచ్చే మందులను ఇప్పుడు యీస్ట్ (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి) చేత తయారు చేయిస్తున్నారని చదివినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. ఏ పీజీ చేయాలి? పీహెచ్‌డీ తప్పదా? ఇందులో ఉద్యోగాలు ఉంటాయో లేదోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. కంప్యూటర్ కోర్సు చేయమంటున్నారు.

జవాబు: ఈ రంగంలోకి మీరు రావచ్చు. బోటనీతో పాటు కెమిస్ట్రీ కూడా చదవడం మీకు కలిసొచ్చే విషయం. అయితే ఏ కోర్సో తేల్చుకునే ముందు, ఈ పనిలో అసలు కష్టం ఎక్కడుందో చూడండి. మనుషుల అవసరం ఎక్కువగా ఉండేది అక్కడే.

బిళ్లగన్నేరు సంగతి తీసుకోండి. క్యాన్సర్‌కు వాడే విన్‌బ్లాస్టిన్ ఒక్క గ్రాము తీయాలంటే దాదాపు 500 కిలోల ఎండుటాకులు కావాలి. ఆ మందుకు ముడిసరుకైన విండోలిన్, కాథరాంథిన్‌లను యీస్ట్ చేత చేయించినట్టు డెన్మార్క్, అమెరికా పరిశోధకులు 2022లో ప్రకటించారు. ఇందుకోసం యీస్ట్ జన్యువుల్లో 56 మార్పులు చేశారు. అందులో మొక్కల నుంచి తెచ్చిపెట్టిన జీన్లే 34. గొప్ప పనే, కాదనలేం. కానీ లీటరుకు వచ్చింది మైక్రోగ్రాముల్లోనే. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్టినా స్మోల్కీ బృందం నల్లమందు జాతికి చెందిన నొప్పిమందును యీస్ట్‌తో చేసినప్పుడూ అంతే. అప్పటి దిగుబడితో ఒక్క డోసుకు 16 వేల లీటర్లకు పైగా యీస్ట్ పెంచాల్సి వచ్చేది.

ఈ దశ నుంచి ముందుకు ఎలా వెళ్తారో తెలియాలంటే మలేరియా మందు ఆర్టెమిసినిన్ కథ చదవండి. అమెరికా శాస్త్రవేత్త జే కీస్లింగ్ బృందం 2006లో యీస్ట్ నుంచి లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా, ఆర్టెమిసినిన్‌కు ముందు మెట్టైన ఆర్టెమిసినిక్ ఆమ్లం తీసింది. 2013 నాటికి అది 25 గ్రాములకు చేరింది. ఎలా? యీస్ట్ తన కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని కూడా, ఈ ఆమ్లానికి వాడే ముడిపదార్థం నుంచే చేసుకుంటుంది. ఆ దారిని పూర్తిగా మూసేస్తే యీస్ట్ చచ్చిపోతుంది. అందుకే పొలంలో మడవ తిప్పినట్టు, ఆ దారికి కొంచెమే వదిలి మిగతాదంతా మందు వైపు మళ్లించారు. మొక్కలో ఈ పనికి తోడ్పడే మరికొన్ని ఎంజైములను వెతికి చేర్చారు. ట్యాంకులో నూనెలాంటి ద్రవాన్ని కలిపి, తయారైన పదార్థం అందులోకి చేరేలా చేశారు. ఇక ఆమ్లాన్ని ఆర్టెమిసినిన్‌గా మార్చే చివరి మెట్టు మామూలు రసాయన శాస్త్రం, అక్కడ యీస్ట్ పాత్రేమీ లేదు. అందుకే మీ కెమిస్ట్రీని వదలొద్దంటున్నాను.

ఇంత చేసినా, సాగు చేసిన మొక్క నుంచి వచ్చే ఆర్టెమిసినిన్ ధర పడిపోవడంతో యీస్ట్ సరుకుకు గిరాకీ నిలబడలేదు. ఇటలీలో దాన్ని తయారు చేసిన ఫ్యాక్టరీని మందుల కంపెనీ సనోఫీ 2016లో అమ్మేసింది. ఆ పరిశోధన నుంచి పుట్టిన అమైరిస్ కంపెనీ 2023లో దివాలా పిటిషన్ వేసింది. ఇంట్లో వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు, ఈ రంగంలో కంపెనీలు మూతపడతాయి. కానీ ట్యాంకులో యీస్ట్ పెంచడం, అందులో ఏముందో కొలవడం, దాన్ని శుద్ధి చేయడం వచ్చినవాళ్లకు టీకాలు, ఇన్సులిన్, ఎంజైములు, ఆహార పదార్థాల కంపెనీల్లోనూ అదే పని ఉంటుంది. జీన్ ఎడిటింగ్ ఒక్కటే నేర్చుకున్నవాళ్లకు అంత వెసులుబాటు ఉండదు.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా చెబుతాను. యీస్ట్‌లోకి డీఎన్ఏ పంపి, ప్లేటు మీద పరిచి, 30 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు ఉంచితే తెల్లటి చుక్కల్లా కాలనీలు వస్తాయి. వాటిని ఏరి, 96 గుంటల ప్లేట్లలో పెంచి, ఆ ద్రవాన్ని ఎల్‌సీ-ఎంఎస్ యంత్రంలో పెడతారు. అది ద్రవంలోని పదార్థాలను విడదీసి ఒకదాని తర్వాత ఒకటి బయటికి పంపుతూ, ఒక్కోదాని అణువు బరువు కొలుస్తుంది. స్క్రీన్ మీద చాలాసార్లు గీత చదునుగానే ఉంటుంది. ఒక్కోసారి సరిగ్గా మీకు కావలసిన బరువు దగ్గరే శిఖరం లేస్తుంది. సంబరపడేలోపు, స్వచ్ఛమైన అసలు పదార్థంతో పోలిస్తే అది అర నిమిషం ముందే బయటికి వచ్చిందని తెలుస్తుంది. అంటే బరువు ఒకటే, పదార్థం వేరు. యీస్ట్ సొంత ఎంజైమే మధ్యలో దూరి మీ పదార్థాన్ని మరోలా మార్చి ఉండొచ్చు. అప్పుడు ఆ ఎంజైమును పట్టుకుని తీసేయాలి. ఇలాంటి చిక్కుముడి విప్పడం మీకు సరదా అయితే ఈ రంగం సరిపోతుంది. విసుగనిపిస్తే ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

పీజీ విషయానికొస్తే బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ పనికొస్తాయి. కోర్సు పేరులో సింథటిక్ బయాలజీ అని ఉండగానే చేరిపోకండి. అక్కడి సీనియర్లను రెండు ప్రశ్నలు అడగండి: ఫెర్మెంటర్‌ను, అంటే యీస్ట్ పెంచే ట్యాంకును, దూరం నుంచి చూపించి పంపేయకుండా విద్యార్థులే నడిపేలా చేస్తారా? ఎల్‌సీ-ఎంఎస్ డేటాను వాళ్లే విశ్లేషిస్తారా? ఈ రెండింటికీ అవునని జవాబొస్తే పేరెలా ఉన్నా చేరండి.

పీహెచ్‌డీ అందరికీ అవసరం లేదు. కొత్త మార్గాలను మీరే డిజైన్ చేయాలన్నా, పరిశోధన బృందాన్ని నడపాలన్నా దాదాపు తప్పదు. ఫెర్మెంటేషన్, విశ్లేషణ, శుద్ధి, క్వాలిటీ విభాగాల్లోకి పీజీతోనే వెళ్లొచ్చు. నన్నడిగితే ముందు రెండేళ్లు ఉద్యోగం చేసి, అప్పటికీ ఆసక్తి తగ్గకపోతే పీహెచ్‌డీకి వెళ్లమంటాను.

కంప్యూటర్ మాటను కొట్టిపారేయకండి. పైథాన్ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ ఇక్కడ రోజూ కావాలి. చాలా ఔషధ మొక్కల జన్యు డేటా ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. బిళ్లగన్నేరు డేటా తీసుకుని, పీ450 కుటుంబానికి (మొక్కల్లో ఇలాంటి మందు పదార్థాల తయారీలో పాలుపంచుకునే ఎంజైములు) చెందిన జీన్లను వెతకండి. అవి ఆకులో ఎంత, వేరులో ఎంత పనిచేస్తున్నాయో పట్టిక వేయండి. ఈ సెలవుల్లోనే చేయొచ్చు. పీజీ ఇంటర్వ్యూలో చూపించడానికి మీ చేత్తో చేసిన పని ఒకటి ఉంటుంది. రేపు మనసు మారి కంప్యూటర్ వైపు వెళ్లినా ఆ పైథాన్ వృథా పోదని ఇంట్లో చెప్పండి.