టెక్ సందేహాలు: క్యాబినెట్ జివ్వుమంటే తప్పు ఎస్‌ఎంపీఎస్‌దేనా?

ప్రశ్న: అనంతపురంలో డీటీపీ, జిరాక్స్ దుకాణం నడుపుతున్నాను. ఆరేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్ ఈ వేసవిలో మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆగిపోతోంది. క్యాబినెట్‌ను తాకితే చెయ్యి జివ్వుమంటోంది. రెండింటికీ ఎస్‌ఎంపీఎస్సే (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే లోహపు డబ్బా) కారణమని, మార్చేయాలని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ముందు చూడవలసింది షాక్ సంగతి, ఎందుకంటే అది మనిషి ప్రాణానికి సంబంధించినది.

ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చొప్పున చిన్న కెపాసిటర్లు (విద్యుత్తును కొద్దిగా నిల్వ ఉంచే భాగాలు) లోహపు డబ్బాకు కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే వాటి గుండా వచ్చే అతి స్వల్పమైన కరెంటు ఎర్త్ తీగలోకి పోతుంది. ఎర్త్ లేనప్పుడు 230 వోల్టులలో సగం, అంటే దాదాపు 115 వోల్టులు క్యాబినెట్ మీద నిలుస్తాయి. అందుకే కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించినా జివ్వుమనడం ఆగదు. పైగా ఏనాడైనా లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే ఎర్త్ లేని ఆ క్యాబినెట్టే ప్రాణం తీయగలదు. మూడో పిన్ను విరిచిన ప్లగ్గు, ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే ఈరోజే తీసేయండి. వానలు తక్కువగా పడే మీ ప్రాంతంలో ఎండలకు నేల పొడిబారి ఎర్త్ గుంత పనిచేయకుండా పోతుంది కనుక, వేసవిలో దానికి నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ పరీక్ష చేయించండి.

ఇక ఆగిపోవడం సంగతి. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నెల్-పవర్ 41' అని కనిపిస్తే కంగారు పడవద్దు. కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది, కారణం చెప్పదు. ఆగిన వెంటనే ఆన్ చేసి బయోస్‌లో (విండోస్ మొదలవక ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. అది 90 డిగ్రీలకు దగ్గరగా ఉంటే అనుమానించవలసింది ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ మీది దుమ్మును, ఆ రెంటి మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోవడాన్ని. ఉష్ణోగ్రత మామూలుగానే ఉంటే, హార్డ్ డిస్కులకు ఇచ్చే నాలుగు పిన్నుల కనెక్టర్లలో ఖాళీగా ఉన్నదాన్ని తీసుకుని, డీసీలో పెట్టిన మల్టీమీటర్‌తో కొలవండి. పసుపు, నలుపు తీగల మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు, నలుపు తీగల మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. ఉదయం చల్లని వేళ చూసి బాగుందనుకోకండి. మధ్యాహ్నం, పెద్ద ఫైలు మీద పని నడుస్తుండగా కొలవాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎస్‌ఎంపీఎస్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది కాబట్టి, ఆరేళ్ల ఎస్‌ఎంపీఎస్ సరిగ్గా ఆ వేళకే చేతులెత్తేయవచ్చు. అప్పుడు అంకెలు ఈ హద్దులు దాటితే మార్చవలసిందే.

ఎస్‌ఎంపీఎస్‌ను శుభ్రం చేసేటప్పుడు ప్లగ్గు తీసి, దాని ఫ్యాను రెక్క తిరగకుండా పెన్సిలుతో ఆపి, బయటి జాలీ గుండా బ్లోయర్‌తో ఊదండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

ప్రశ్న: ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ, నలుపు తీగలను పేపర్ క్లిప్‌తో కలిపితే ఫ్యాను తిరిగింది. ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా? (కడప)

జవాబు: అది ఆన్ అవుతోందని మాత్రమే తేలింది. లోడు లేకుండా ఫ్యాను తిప్పగలిగిన ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు కరెంటు లాగగానే కుప్పకూలవచ్చు. ఈ పరీక్షలో ఫ్యాను తిరగకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయిందేమోనని అనుమానించవచ్చు. తిరిగితే మాత్రం పైన చెప్పినట్టు లోడు మీద వోల్టులు కొలిచాకే నమ్మండి. క్లిప్ పెట్టేటప్పుడు మదర్‌బోర్డు నుంచి కనెక్టర్ తీసి ఉండాలి, స్విచ్ ఆ తరువాతే వేయాలి.