కొత్త సిస్టం కాల్ రాస్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు సిస్టం కాల్ ఒకటి డిజైన్ చేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ప్రోగ్రాములు కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయని, పని అడిగే దారే సిస్టం కాల్ అని వాడికి తెలీదు, కానీ "అచ్చం నీలాగే తయారైంది అన్నయ్యా" అన్నాడు. మెచ్చుకున్నాడో దిగులుపడ్డాడో నాకు అంతుపట్టలేదు. నాకు మాత్రం గర్వంగానే ఉంది. తర్వాత నువ్వు పంపిన హెడర్ ఫైల్ తెరిచాను, టెన్షన్ కూడా మొదలైంది.

నీకు తెలిసిన సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: పేర్లు అర్థమయ్యేలా పెట్టు, కోడ్ కన్నా ముందు మాన్ పేజీ (వాడేవాళ్లు చదివే వివరణ) రాయి, అన్ని తప్పులకీ ఈఇన్వాల్ (ఇచ్చింది చెల్లదనే ఎర్రర్) ఒక్కటే విసిరేసి ఊరుకోకు.

ఇది అసలు అవసరమా అని ముందు అడగాలి కాబట్టి అడుగుతున్నాను. ఒక ప్రాసెస్ మెమొరీ నువ్వు చెప్పిన హద్దు దాటితే ఇంకో ప్రోగ్రాంకి కబురు అందాలి, అంతే కదా? లైనక్స్‌లో మెమొరీ లాంటివాటి మీద ఒత్తిడిని కొలిచే పీఎస్ఐ 4.20 వెర్షన్ నుంచి ఉంది, 5.2 నుంచి దాని మీద పోల్ కూడా చెయ్యొచ్చు, అంటే కబురు కోసం కాచుకోవచ్చు. అయితే అది చెప్పేది మెమొరీ కోసం ఎంతసేపు ఆగాల్సి వస్తోందని, అదీ సిస్టం మొత్తానికో ఒక సీగ్రూపుకో (ప్రాసెస్‌ల గుంపుకో). నీకు ఒక్క ప్రాసెస్ వాడకం కావాలి, సరే, ఒప్పుకున్నాను. ఆ కబురు అందుకోవడానికి కొత్త పద్ధతేదీ కనిపెట్టకుండా ఒక ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచినదానికి కెర్నల్ ఇచ్చే నంబర్, ఎఫ్‌డీ) ఇస్తున్నావు చూడు, అది నాకు బాగా నచ్చింది. పోల్, ఈపోల్ అన్నీ వాటంతటవే పనిచేస్తాయి, ప్రోగ్రాం చచ్చిపోతే కెర్నలే శుభ్రం చేస్తుంది.

ఇక ఫ్లాగ్స్, అంటే ఒక్కో బిట్‌తో ఒక్కో కోరిక చెప్పే అంకె. నీ కోడ్‌లో ఫ్లాగ్స్ ఆర్గ్యుమెంట్ ఉంది, దాంట్లో నీకు తెలిసిన రెండు బిట్లు చూస్తున్నావు, మిగతావి చూడకుండా వదిలేస్తున్నావు. "ప్రస్తుతానికి వాడటం లేదు" అని కామెంట్ కూడా పెట్టావు. ఆ లైన్ దగ్గరే నేను ఆగిపోయాను. ఫైల్ తెరిచే ఓపెన్ కాల్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది, ఆ బాకీ మనవాళ్లు ఇప్పటికీ తీరుస్తున్నారు.

ఓపెన్‌కి తెలియని ఫ్లాగ్ ఇస్తే అది ఏమీ అనదు. ఫైల్ తెరిచి చేతికిచ్చేస్తుంది. చూడ్డానికి మంచితనంలాగే ఉంటుంది. 2.6.23 కెర్నల్‌లో, అంటే 2007లో, ఓ_క్లోఎగ్జెక్ వచ్చింది, వేరే ప్రోగ్రాం మొదలవగానే ఈ ఫైల్‌ని మూసెయ్యమని చెప్పే ఫ్లాగ్. అది ఎందుకొచ్చిందో నీకు తెలుసు, ఫైల్ తెరవడానికీ ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో గుర్తు పెట్టడానికీ మధ్య ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేసి (ప్రాసెస్‌కి నకలు తీసి) ఎగ్జెక్ చేస్తే (అందులో వేరే ప్రోగ్రాం నడిపితే), ఆ డిస్క్రిప్టర్ సంబంధం లేని ప్రోగ్రాం చేతిలో పడుతుంది. మంచి మందే. కానీ అదే ప్రోగ్రాంని పాత కెర్నల్ మీద నడిపితే? పాత కెర్నల్ ఆ బిట్‌ని పట్టించుకోదు, కాల్ మాత్రం సక్సెస్. అడిగిన రక్షణ దొరికిందనుకుని ప్రోగ్రాం నిశ్చింతగా ముందుకెళ్తుంది, అక్కడ దొరికిందేమీ లేదు. అందుకని జాగ్రత్తగా రాసేవాళ్లు ఫైల్ తెరిచాక మళ్లీ అడిగి చూసుకోవాల్సి వచ్చింది, నువ్వు నిజంగా పెట్టావా లేదా అని. ఎర్రర్ వస్తే సంతోషించాల్సిన చోటు ఇది, అమ్మలూ.

2013లో 3.11లో, పేరులేని తాత్కాలిక ఫైల్ ఇచ్చే ఓ_టీఎంపీఫైల్ పెట్టేటప్పుడు ఇంకా తంటా పడ్డారు. పాత కెర్నల్ దాన్ని పొరపాటున కూడా ఒప్పుకోకూడదు కాబట్టి, ఆ ఫ్లాగ్ విలువలోనే ఓ_డైరెక్టరీ బిట్‌ని కలిపేశారు, రాయడానికే తెరవాలని షరతు పెట్టారు. డైరెక్టరీని రాయడానికి తెరవబోతే పాత కెర్నల్ ఎలాగూ కుదరదంటుంది కదా, ఆ తిరస్కారాన్ని అలా అరువు తెచ్చుకున్నారు. తెలివైన పనే, కాదనను. కానీ మొదట్లో తెలియని బిట్లుంటే కాదనే ఒక్క ఇఫ్ రాసి ఉంటే ఈ తెలివి అక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

మరి ఇప్పుడైనా తెలియని బిట్లు కాదనొచ్చుగా అంటావు. అనకూడదు. ఏళ్ల తరబడి చెత్త బిట్లు పంపుతూ హాయిగా నడుస్తున్న ప్రోగ్రాములు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరికీ తెలీదు, రేపు అవి ఆగిపోతే తప్పు కెర్నల్‌ది అవుతుంది. యూజర్ స్పేస్‌ని (కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాములని) విరగ్గొట్టకూడదన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అందరికన్నా గట్టిగా పట్టుకున్న నియమం. చివరికి 2020లో 5.6లో ఓపెన్ఏటీ2 అని వేరే కాలే తేవాల్సి వచ్చింది, అది తెలియని ఫ్లాగ్‌ని మొహం మీదే తిప్పికొడుతుంది. ఫైల్‌ని మెమొరీలోకి తెచ్చే ఎమ్‌మ్యాప్‌దీ ఇదే గోల, దానికోసం 4.15లో మ్యాప్_షేర్డ్_వ్యాలిడేట్ అని ఒకటి పుట్టింది.

కాబట్టి ఆ కామెంట్ తీసెయ్, అక్కడ ఇఫ్ రాయి. నీ రిజర్వ్‌డ్ ఫీల్డ్స్‌కీ (ముందుముందు వాడటానికి ఉంచిన చోట్లకీ) ఇదే మాట: సున్నా కాకపోతే తిరస్కరించు. ఇప్పుడు చూడకపోతే అవి ఎప్పటికీ వాడుకోలేని చోటు అవుతాయి, ఎవరో ఒకరు స్టాక్ మీద పడున్న చెత్తని అలాగే పంపిస్తారు. అసలు రిజర్వ్‌డ్ బదులు స్ట్రక్చర్‌తో పాటు దాని సైజు కూడా తీసుకో, కొత్త ప్రాసెస్ పుట్టించే క్లోన్3 కాల్ చేసినట్టు. చిన్న స్ట్రక్చర్ వస్తే మిగతాది సున్నాలనుకో, పెద్దది వచ్చి అదనపు బైట్లలో ఏదైనా ఉంటే ఈ2బిగ్ అనే ఎర్రర్ ఇవ్వు. కాపీ_స్ట్రక్ట్_ఫ్రమ్_యూజర్ ఆ పని చేసిపెడుతుంది. ఇందులో ఒక నష్టం ఉంది, దాచను: సిస్టం కాల్స్‌ని వడపోసే సెకాంప్ ఫిల్టర్లు పాయింటర్ వెనక ఏముందో చూడలేవు. అందుకే ముఖ్యమైన ఫ్లాగ్స్‌ని నేనైతే నేరుగా ఆర్గ్యుమెంట్‌గానే ఉంచుతాను. నీ ఇష్టం.

ఫ్లాగ్స్ అసలు పెట్టకపోయినా తిప్పలే. ఫైల్ అనుమతులు మార్చే ఎఫ్‌సీహెచ్‌మోడ్ఏటీకి ప్రమాణంలో ఫ్లాగ్స్ ఉంది, లైనక్స్ కాల్‌లో మాత్రం లేదు. ఆ లోటు 2023లో 6.6 వచ్చేదాకా తీరలేదు.

పీఐడీ, అంటే ప్రాసెస్ నంబర్, తీసుకుంటున్నావు. వద్దు. నువ్వు అడిగేలోగా ఆ ప్రాసెస్ పోయి, అదే నంబర్ ఇంకొకరికి వచ్చి ఉండొచ్చు. పిడ్‌ఎఫ్‌డీ (ఆ ఒక్క ప్రాసెస్‌నే పట్టుకుని ఉండే ఎఫ్‌డీ) తీసుకో, దానికోసమే ఉంది.

"గరిష్ఠ వాచర్ల సంఖ్య" అనే ఆర్గ్యుమెంట్ ఎందుకమ్మా? లోపల నీ హ్యాష్ టేబుల్‌కి కావాలనేగా? ఈపోల్_క్రియేట్‌లో సైజు అని ఒకటుంది చూడు. 2.6.8 నుంచి కెర్నల్ దాన్ని లెక్కచెయ్యదు, అయినా సున్నా ఇస్తే ఒప్పుకోదు. నీ లోపలి గొడవ బయటివాళ్ల మీద పెడితే ఇలాగే మిగిలిపోతుంది.

స్ట్రక్చర్‌లో 32 బిట్ల ఫీల్డ్, వెంటనే 64 బిట్ల ఫీల్డ్ పెట్టావు. 32 బిట్ ఎక్స్86లో అది 12 బైట్లు, 64 బిట్‌లో 16. నేను పనిచేసిన ఒక చోట, పరికరానికి ఆదేశాలిచ్చే డ్రైవర్ ఐఓసీటీఎల్‌లో ఇదే ఉంది. నేను ఎత్తి చూపితే, రిలీజ్ దగ్గరపడిందని "తర్వాత చూసుకుందాం" అన్నారు. తర్వాత కస్టమర్ పాత 32 బిట్ ప్రోగ్రాంని కొత్త కెర్నల్ మీద నడిపితే, టైమవుట్ ఉండాల్సిన చోట సగం అడ్రస్ కనపడింది. దానికి రాసిన కంపాట్ (పాత ప్రోగ్రాముల కోసం సర్దుబాటు) కోడ్ నేను అక్కడ మానేసేనాటికీ అలాగే ఉంది, పక్కన రెండు పేజీల సంజాయిషీతో. పైగా ఆ మధ్యలోని నాలుగు బైట్ల ఖాళీని తుడవకుండా బయటికి కాపీ చేస్తే కెర్నల్ స్టాక్‌లో ఉన్నదేదో యూజర్ చేతికి వెళ్తుంది. ఖాళీలు లేకుండా సర్దు, మిగిలిన చోటుకి పేరు పెట్టి సున్నా చెయ్. టైమవుట్ 64 బిట్ల నానోసెకన్లలో తీసుకో, 32 బిట్ల సెకన్ల లెక్క పొంగిపోయే 2038 జనవరి 19 నాటికి నువ్వు ఇంకా ఉద్యోగంలోనే ఉంటావు, ఫోన్లు నీకే వస్తాయి.

ఇంకో చిన్నది, కానీ నాకు నిద్రపట్టనివ్వనిది. యూజర్ మెమొరీ నుంచి సైజుని ఒకసారి చదివి సరిచూసి, మళ్లీ మొత్తం స్ట్రక్చర్ కాపీ చేసి అందులోని సైజునే వాడుతున్నావు. ఆ రెండు చదువుల మధ్య ఇంకో థ్రెడ్ దాన్ని మార్చేస్తే నీ సరిచూడటం దండగ. ఒక్కసారే చదువు, చదివినదాన్నే వాడు.

ఇన్ని తప్పులు పట్టానని ముఖం చిన్నబుచ్చుకోకు. నీ వయసులో నాకు ఎఫ్‌డీ తిరిగి ఇవ్వాలన్న ఆలోచనే వచ్చేది కాదు, నేనైతే కెర్నల్ సంగతులు చూపే ప్రాక్‌ డైరెక్టరీలో ఒక ఫైల్ పెట్టి, అందులో అంకెలు కుమ్మరించి, చదువుకునేవాళ్ల ఖర్మకి వదిలేసేవాడిని. నువ్వు వచ్చే వారమే మెర్జ్ చెయ్యాలంటున్నావే, అదొక్కటే నాకు కోపం. అంత తొందరగా ఉంటే ఆ కాల్‌ని మీ టీమ్ బ్రాంచ్‌లో పెట్టుకోండి, బయటికి సిస్టం కాల్ నంబర్ ఇవ్వొద్దు. ముందు దాన్ని వాడే ప్రోగ్రాములు రెండు రాయి, ఒకటి నువ్వు, ఇంకోటి నీ కోడ్ చూడనివాళ్లు, మాన్ పేజీ మాత్రం చదివి. వాళ్లు నిన్ను అడిగిన ప్రతి ప్రశ్నా రాసిపెట్టుకో, హెడర్‌తో పాటు ఆ ప్రశ్నలు కూడా నాకు పంపు. 32 బిట్‌లో కంపైల్ చేసి చూశాకే పంపు.

మీ పెదనాన్న