ప్రశ్నలు – జవాబులు: ఎనిమిది నెలల ప్రధాని

ప్రశ్న: నాసాలో పనిచేసిన శాస్త్రవేత్త ఒకరు పశ్చిమాఫ్రికాలోని మాలి దేశానికి ప్రధాని అయ్యారనీ, ఎనిమిది నెలలు నిండకుండానే సైనికులు దించేశారనీ మా గ్రంథాలయంలో చర్చ జరిగింది. 1984లో మన రాష్ట్రంలో నెల రోజులే సాగిన ప్రభుత్వంతో దీనిని పోల్చవచ్చా? అంత చదువుకున్న మనిషి ఎందుకు నిలదొక్కుకోలేకపోయారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు

జవాబు: మాస్టారూ, మీరు చెబుతున్నది షేక్ మోదిబో దియారా గురించి. 1952లో మాలిలోని నియోరోలో పుట్టి, పారిస్‌లోనూ ఆపై అమెరికాలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలోనూ చదువుకున్న ఆయన, నాసాలో గ్రహాంతర నౌకలకు దారి లెక్కగట్టే బృందాలలో పనిచేశారు. 1997 జూలై 4న అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ యాత్ర వాటిలో ఒకటి. ఆ పని ఎలాంటిదో మీ ప్రాంతం వారికి చెప్పడం తేలిక. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటేటప్పుడు గమనించే ఉంటారు, సరంగు ఎదుటి రేవుకేసి సూటిగా నడపడు. నీటి ఉరవడి ఎటు, ఎంత లాగుతుందో అంచనా వేసుకొని ముక్కు పక్కకు తిప్పి పట్టుకుంటాడు. అంగారక యాత్రలోనైతే ఎదుటి రేవు కూడా కదులుతూనే ఉంటుంది. ఏడు నెలల తరువాత అది ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి నౌకను ఆ చోటికి పంపాలి.

ఆ తరువాత ఆయన ఆఫ్రికాలో మైక్రోసాఫ్ట్ సంస్థకు అధ్యక్షుడిగా ఉండి, 2011లో సొంత పార్టీ పెట్టారు. 2012 మార్చి 22న కెప్టెన్ అమదూ సనోగో నాయకత్వంలో సైనికులు తిరుగుబాటు చేసి దేశాధ్యక్షుణ్ణి తొలగించారు. ఉత్తరాదిన సాగుతున్న తిరుగుబాటును ఎదుర్కోవడానికి తమకు తగిన ఆయుధాలు ఇవ్వలేదన్నది వారి ఆరోపణ. ఆ గందరగోళంలోనే గావో, టింబక్టు పట్టణాలు కూడా సాయుధుల వశమయ్యాయి. పొరుగు దేశాల కూటమి ఒత్తిడితో ఏప్రిల్ 6న కుదిరిన ఒప్పందం ప్రకారం జాతీయసభ అధ్యక్షుడైన దియోంకుండా త్రావొరే తాత్కాలిక దేశాధ్యక్షుడయ్యారు, ఏప్రిల్ 17న దియారా తాత్కాలిక ప్రధాని అయ్యారు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. తొలి మంత్రివర్గంలోనే రక్షణ, అంతర్గత భద్రత, ప్రాదేశిక పాలన శాఖలు సైనికాధికారుల చేతికి వెళ్లాయి. అంటే తుపాకీ, పోలీసు, జిల్లాల యంత్రాంగం మూడూ ప్రధాని మాట వినే అవసరం లేనివారి దగ్గరే ఉండిపోయాయి. రాజధాని బమాకోకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని కాటి సైనిక స్థావరంలో సనోగో కొనసాగుతూనే ఉన్నారు. మే 21న నిరసనకారులు అధ్యక్ష భవనంలోకి చొరబడి వృద్ధుడైన త్రావొరేను స్పృహ తప్పేలా కొట్టినా ఆపినవారు లేరంటే, ఆ ప్రభుత్వానికి రక్షణ ఏపాటిదో ఊహించుకోవచ్చు.

దియారా తప్పులు లేవని నేను అనను. పార్టీలను కలుపుకుపోవడం లేదని, రాబోయే ఎన్నికలకు సొంత దారి వేసుకుంటున్నారని విమర్శలు వచ్చాయి. 1991లో పదవీచ్యుతుడైన సైనిక పాలకుడు మూసా త్రావొరేకు ఆయన అల్లుడు కావడం కూడా అనుమానాలను పెంచింది. అయితే ఆయనను పడగొట్టింది ఈ విమర్శలు కావని నా నిశ్చితాభిప్రాయం. ఉత్తరాదిని తిరిగి సాధించడానికి విదేశీ బలగాలు రావాలని ఆయన కోరుతుండగా, సనోగో వర్గం దానిని వ్యతిరేకించింది. డిసెంబరు 10 రాత్రి, ఆయన పారిస్ ప్రయాణానికి సిద్ధమవుతుండగా, సైనికులు ఇంటికి వచ్చి పట్టుకొని కాటికి తీసుకుపోయారు. తెల్లవారకముందే ఆయన టెలివిజన్‌లో కనిపించి, కారణం వివరించకుండా, మంత్రివర్గంతో సహా రాజీనామా చేస్తున్నట్టు చదివారు. అదే రోజు జాంగో సిస్సోకోను కొత్త ప్రధానిగా నియమించారు.

ఇక మీ పోలిక సంగతి. 1984 ఆగస్టు 16న ప్రమాణం చేసిన నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం సెప్టెంబరు 16న ముగిసినప్పుడు, ఆ విషయం తేల్చింది శాసనసభ్యుల సంఖ్య, వీధుల్లోకి వచ్చిన జనం. ఎన్.టి. రామారావు తిరిగి రావడానికి ఒక రాజ్యాంగబద్ధమైన దారి ఉంది. దియారాకు అలాంటి దారి లేదు, ఎందుకంటే ఆయనను ఎన్నుకున్న సభ అంటూ ఏదీ లేదు. ఒప్పందమే నియమించింది, ఆ ఒప్పందంపై సంతకం చేసిన సైనికులే దానిని తోసిపుచ్చారు. అందువల్ల రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

ఆయన కోరిన విదేశీ బలగాల రాకకు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి డిసెంబరు 20న, అంటే ఆయన దిగిపోయిన తొమ్మిది రోజులకు, ఆమోదం తెలిపింది. 2013, 2018 అధ్యక్ష ఎన్నికలు రెండింటిలోనూ ఆయన పోటీ చేశారు. రెండవసారి నాలుగో స్థానంలో నిలిచారు.