విదేశీ ఐస్‌క్రీం తెప్పించి శ్రీకాకుళంలో అమ్మాలనుకుంటున్న తమ్ముడికి

"మా బావ దుబాయ్‌లో ఉన్నాడు. అక్కడి నుంచి మంచి పాల ఐస్‌క్రీం తెప్పించి శ్రీకాకుళంలో అమ్మాలని ఉంది. ఏ లైసెన్సులు కావాలి, గిట్టుబాటు అవుతుందా?" అని అడిగారు.

తమ్ముడూ, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా ఐస్‌క్రీం షాపు చాలా ఏళ్లుగా నడుస్తోంది. విదేశీ టబ్బులు కూడా అమ్మి చూశాను. నా మాట ఒక్కటే: మీరు నేరుగా దిగుమతి చేసుకోవద్దు. లైసెన్సు ఉన్న దిగుమతిదారు దగ్గర కొద్దిగా కొని అమ్మండి, అది కూడా డేటు మీ కళ్లతో చూసుకున్నాకే.

నేరుగా తెప్పించాలంటే ఐఈసీ కోడ్ (దిగుమతి, ఎగుమతి చేసేవాళ్లకి కేంద్రం ఇచ్చే నంబరు) తీసుకోవాలి. వ్యాపారం ఎంత చిన్నదైనా దిగుమతిదారుకి ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) సెంట్రల్ లైసెన్సే ఉండాలి. పాల పదార్థం కాబట్టి కేంద్ర పశుసంవర్ధక శాఖ నుంచి శానిటరీ పర్మిట్ కావాలి. ఆ పాలిచ్చిన పశువులకు జంతువుల పేగులు, రక్తం లాంటివి కలిపిన దాణా పెట్టలేదని అవతలి దేశం సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ ఇవ్వలేకే ఎన్నో కంపెనీల సరుకు మన దేశానికి రాదు. పోర్టులో ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు కాగితాలు, లేబుల్ చూస్తారు, శాంపిల్ ల్యాబుకి పంపిస్తారు. రిపోర్టు వచ్చేదాకా కంటైనర్‌కి కరెంటు, అద్దె ఖర్చు మీదే. మన ఊరి అమ్మకాలకి కంటైనర్ సరుకు ఎన్నాళ్లకి ఖాళీ అవుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు డేటు సంగతి, నేను దెబ్బతిన్నది ఇక్కడే. కస్టమ్స్ దాటేటప్పటికి సరుకు గడువులో 60 శాతం కానీ మూడు నెలలు కానీ, ఏది తక్కువైతే అంత మిగిలి ఉండాలని మన రూలు. ఐస్‌క్రీం గడువు ఏడాది, ఏడాదిన్నర ఉంటుంది కాబట్టి మూడు నెలలు మిగిలినా చాలన్నమాట. అంటే గడువు దగ్గర పడ్డ సరుకు కూడా చట్టప్రకారమే దేశంలోకి వస్తుంది, చవగ్గా మన దాకా చేరుతుంది.

ఒక జనవరిలో ఒక డీలర్ అమెరికా టబ్బులు 36 సగం ధరకే ఇస్తానన్నాడు. అడుగున 04/06 అని ఉంది. జూన్ 4 అనుకున్నాను, వేసవి మొత్తం అమ్ముకోవచ్చని సంబరపడ్డాను. రథసప్తమికి అరసవల్లి వచ్చే జనం కొంటారని ఆశపడ్డాను. వాళ్లు పది, ఇరవై రూపాయల కోన్లే కొన్నారు, తొమ్మిది వందల టబ్బు వైపు చూడలేదు. మే నెలలో సెలవులకి వచ్చిన ఒక కుర్రాడు, డల్లాస్‌లో చదువుతున్నాడు, టబ్బు తిప్పి చూసి "అంకుల్, అక్కడ ముందు నెల, తర్వాత తేదీ రాస్తారు, ఇది ఏప్రిల్ 6" అన్నాడు. నా కాళ్లు చల్లబడ్డాయి. గడువు దాటాక అప్పటికే ఐదు అమ్మాను. అందులో ముగ్గురు తెలిసినవాళ్లు, ఇంటికెళ్లి విషయం చెప్పి డబ్బు తిరిగిచ్చాను. మిగతా ఇద్దరెవరో ఈరోజుకీ తెలియదు, ఆ బాధ నాకు అలాగే ఉంది. మిగిలిన సరుకంతా పారబోశాను.

అప్పటి నుంచి డబ్బు కట్టకముందే టబ్బు అడుగు ఫోటో, ఇండియా స్టిక్కర్ ఫోటో పంపమంటాను. స్టిక్కర్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, ఎమ్మార్పీ, శాకాహారమో మాంసాహారమో తెలిపే గుర్తు ఉండాలి. స్టిక్కర్ లేని సరుకు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. కూలింగ్ చార్జీ అని ఎమ్మార్పీ మీద ఐదు రూపాయలు వేస్తుంటారు కొందరు, అది తప్పు, మీరు ఆ అలవాటు చేసుకోకండి.

మరో విషయం. మన దేశంలో ఉత్త "ఐస్‌క్రీం" అని రాయాలంటే కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి. వంటనూనె కొవ్వుతో చేసింది "ఫ్రోజెన్ డెజర్ట్". ఖరీదు ఎందుకని కస్టమర్ అడిగితే లేబుల్ చూపించి ఈ తేడా చెప్పండి. మా షాపులో విదేశీ టబ్బు కన్నా ఈ మాట విన్నాక మన దేశపు పాల ఐస్‌క్రీమే ఎక్కువ అమ్ముడైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, అది కూడా కలిసొచ్చింది.

ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర నిలబడాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి కరెంటు పోయి నా సరుకంతా కరిగిపోయింది. కరిగింది మళ్లీ గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై నాలుకకి గరగరమంటుంది, అది అమ్మకూడదు. జనరేటర్ లేకుండా మొదలుపెట్టకండి. విశాఖ నుంచి వచ్చే బండి తలుపు తీయగానే ఒక టబ్బు మూత ఎత్తి చూడండి, అంచున మంచు పేరుకుని ఉంటే దారిలో కరిగిందని అర్థం, అక్కడే వెనక్కి పంపేయండి.

మీ బావగారిని ఇప్పుడే పెట్టుబడి పంపొద్దని చెప్పండి. మార్చిలో పది టబ్బులు తెచ్చి పెట్టి చూడండి. అవి ఎన్ని రోజులకి అమ్ముడయ్యాయో ఇక్కడ రాయండి, తర్వాతి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.