సింబల్స్ మోత ఎందుకు సుళ్ళు తిరుగుతుంది?

ప్రశ్న: నా సీడీలలోని పాటలను సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 ఫైళ్ళుగా మార్చుకున్నాను. గొంతు, గిటారు బాగానే ఉన్నాయి గాని, సింబల్స్ (డ్రమ్ములతో పాటు వాయించే లోహపు పళ్ళేలు) మోగినచోట, చప్పట్లు వచ్చినచోట ధ్వని నీళ్ళలోంచి వస్తున్నట్టు సుళ్ళు తిరుగుతోంది. ఎన్‌కోడర్ (పాటను కుదించి ఎంపీ3గా మార్చే సాఫ్ట్‌వేర్) 16 కిలోహెర్ట్జ్‌కు పైనున్న ధ్వనిని కోసేస్తున్నట్టు గమనించాను. ఆ కోత తీసేసి 20 కిలోహెర్ట్జ్ వరకు ఉంచితే బాగుపడుతుందా?

జవాబు: బాగుపడదు. 128 కిలోబిట్ల దగ్గర ఆ కోత తీసేస్తే ఇంకా పాడవుతుంది. మీ చెవికి తగులుతున్న దోషం 16 కిలోహెర్ట్జ్‌కు పైన పోయినదానిలో లేదు, కింద మిగిలినదానిలో ఉంది. అనుమానముంటే, సీడీ నుంచి తీసిన వేవ్ ఫైలుకు ఏ కంప్రెషనూ లేకుండా ఆ కోత ఒక్కటే పెట్టి, ఏది ఏదో ముందుగా తెలియకుండా అసలు ఫైలుతో పోల్చి వినండి. పెద్దవాళ్ళలో చాలామందికి తేడా దొరకదు. దొరికినవాళ్ళకు కూడా కాస్త మెరుపు తగ్గినట్టు ఉంటుందే తప్ప సుళ్ళు వినబడవు.

ఆ సుళ్ళు పుట్టే తీరు ఇది. 44.1 కిలోహెర్ట్జ్ రికార్డింగును ఎంపీ3 ఎన్‌కోడర్ 576 శాంపిళ్ళ చొప్పున, అంటే సుమారు 13 మిల్లీసెకన్లకొకసారి, 576 పౌనఃపున్య గీతలుగా విడదీస్తుంది. ఒక్కో గీత విలువను దగ్గరి అంకెకు సరిపెట్టి రాస్తుంది. వేణువు స్వరానికి బలమైన గీతలు కొన్నే ఉంటాయి కనుక వాటికి బిట్లు చాలతాయి. సింబల్ మోతకు అలా కాదు, అది ఇంచుమించు శుద్ధమైన రొద కావడంతో పై భాగంలోని గీతలన్నిటిలోనూ కొంత శక్తి ఉంటుంది. బిట్లు చాలనప్పుడు వాటిలో చాలా గీతలు సున్నాకు పడిపోతాయి. ఈ విడతలో మిగిలిన గీతలు వేరు, తరువాతి విడతలో మిగిలేవి వేరు. క్షణక్షణానికీ వెలిగి ఆరే ఈ గీతలనే మనం సుళ్ళుగా వింటాం. కోత తీసేస్తే అవే బిట్లను మరిన్ని గీతలకు పంచాలి, అంటే ఆరిపోయేవి ఇంకా ఎక్కువవుతాయి.

ఎంపీ3 నిర్మాణంలోనే ఇంకో చిక్కు ఉంది. ఈ గీతలను పట్టీలుగా కట్టి, ఒక్కో పట్టీకి ఎంత సూక్ష్మత ఇవ్వాలో స్కేల్ ఫ్యాక్టర్ అనే సంఖ్యతో నిర్ణయిస్తారు. కింది 21 పట్టీలకు ఆ సంఖ్య ఉంది గాని, సుమారు 16 కిలోహెర్ట్జ్‌కు పైనున్న చివరి పట్టీకి లేదు. అక్కడ సూక్ష్మత పెంచాలంటే అన్ని పట్టీలకూ కలిపి వర్తించే స్థాయి సంఖ్యనే (గెయిన్) మార్చాలి. దాంతో అవసరం లేని కింది పట్టీలకు కూడా బిట్లు ఖర్చవుతాయి. చెవికి సరిగా అందని భాగం కోసం ఫైలు ఉబ్బిపోవడం నా దృష్టిలో దండుగే. లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌లో ఆ పట్టీని పట్టించుకోవద్దని చెప్పే సెట్టింగు ప్రత్యేకంగా పెట్టింది అందుకే.

మీరు చేయవలసింది సీడీల నుంచి మళ్ళీ మొదలుపెట్టడం. స్థిరమైన 128 బదులు వేరియబుల్ బిట్‌రేట్ ఎంచుకుంటే, సింబల్స్ వచ్చినచోట ఎన్‌కోడర్ బిట్లు ఎక్కువ వాడి, నిశ్శబ్దం దగ్గర ఆదా చేస్తుంది. లేమ్‌లో వీ2 అనే నాణ్యతా స్థాయి సగటున 190 కిలోబిట్ల దగ్గర పడుతుంది. కోతను ఎన్‌కోడర్‌కే వదిలేయండి. జాయింట్ స్టీరియోను కూడా ఆపవద్దు. రెండు చానళ్ళ మొత్తాన్నీ తేడానూ విడివిడిగా రాయడంలో దానంతట అది పోగొట్టేది ఏమీ లేదు, పైగా చానళ్ళు ఒకేలా ఉన్నచోట మిగిలిన బిట్లు ఇలాంటి మోతలకు పనికొస్తాయి.

ఫైలు పరిమాణం పెంచే వీలు లేకపోతే ఎంపీ3ని పట్టుకుని వేళ్ళాడకండి. ఎంపీ3లాగే ధ్వనిని కుదించే మరో పద్ధతి ఏఏసీలో చివరి పట్టీ బెడద లేదు, ఒక్కో విడతకు 1024 గీతలు ఉంటాయి. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ అనే పద్ధతి ఒక్కో పట్టీలోని శక్తిని విడిగా రాసిపెడుతుంది కనుక, వివరం పోయినా మోత స్థాయి పడిపోదు. 128 కిలోబిట్ల దగ్గర మీరు చెప్పిన సుళ్ళు అందులో అరుదు.

ప్రశ్న: 48 కిలోబిట్ల ఇంటర్నెట్ రేడియోలో కూడా హెచ్చు స్వరాలు ధారాళంగా వినిపిస్తున్నాయి. అవి నిజమైనవేనా?

జవాబు: చాలావరకు కావు. తక్కువ బిట్ల ప్రసారాలకు వాడే ఏఏసీ రకమైన హెచ్‌ఈ-ఏఏసీ పద్ధతిలో ధ్వని కింది భాగాన్నే అసలుగా రాస్తారు. పై భాగాన్ని డీకోడర్ కింది భాగం నుంచి నకలు చేసి, ఫైలులో ఉన్న కొద్దిపాటి సమాచారాన్ని బట్టి ఎక్కడ ఎంత గట్టిగా ఉండాలో దిద్దుతుంది. రొదలాంటి ధ్వనులకు ఈ ఎత్తు బాగా పారుతుంది. స్పష్టమైన శ్రుతి గల వాద్యాలకు మాత్రం నకలు స్వరాలు ఉండవలసిన చోటు నుంచి జరిగి, కరకుదనం రావచ్చు. 128 కిలోబిట్లు ఇవ్వగలిగినప్పుడు దీన్ని వాడే అవసరమే లేదు.

ప్రశ్న: పాత 128 ఫైళ్ళను 320కి మార్చి, ఈక్వలైజర్‌లో ట్రెబుల్ పెంచితే?

జవాబు: పోయినది తిరిగి రాదు, రెండోసారి కుదించడం వల్ల కొత్త నష్టం తోడవుతుంది. ట్రెబుల్ పెంచడం మరీ చెడ్డది. పెద్ద ధ్వని చాటున ఎంత దోషం దాగుతుందో ఎన్‌కోడర్ అసలు స్థాయిలను బట్టి లెక్క వేసింది. మీరు పై భాగాన్ని ఎత్తితే, చాటున ఉన్న ఆ దోషాలన్నీ బయటపడతాయి.